అరవై రెండు ‘సరే’లు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఏ ఫ్యాక్టరీ గేటు ముందైనా జనం గుమిగూడారంటే సమ్మె అయినా అయ్యుండాలి, జీతాలైనా ఆగి ఉండాలి. మా ఫ్యాక్టరీ గేటు ముందు మాత్రం ఒక శనివారం మిట్టమధ్యాహ్నం రెండు వందలమంది పట్టుచీరలు కట్టుకొని, పిల్లల ముఖాలకు పౌడర్లు అద్ది, మంచి ఆకలిమీద నిలబడ్డారు. వాళ్ళను అక్కడికి రప్పించింది నేనే. ఒక్క వేలితో, ఒక్క మీట నొక్కి రప్పించాను. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, మూడుసార్లు నొక్కాను. మూడుసార్లు ఎందుకన్నది ఇప్పుడే చెప్పేస్తే మీరు ఇక్కడే నవ్వేసి లేచిపోతారు. అందుకని నా పరువు ఏ వరుసలో పోయిందో ఆ వరుసలోనే చెప్తాను.

నా పేరు స్వరూప. మాది బోరు మోటార్లకు పెట్టే స్టార్టర్ డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీ. అందులో నేను ప్యాకింగ్ సూపర్‌వైజర్ని. సూపర్‌వైజర్ అనగానే కుర్చీలో కూర్చొని పెన్ను ఆడించే మనిషి అనుకునేరు. తొమ్మిదేళ్ళూ నిలబడే ఉన్నాను. సాయంత్రానికి మడమలు నావో పరాయివో తెలిసేది కాదు. ఆఫీసు గదిలో మాత్రం ‘ప్లానింగ్ సీటు’ అని ఒకటి ఉండేది. చక్రాలమీద గిర్రున తిరిగే నీలం కుర్చీ, ముందు కంప్యూటరు, పైన ఫ్యాను. అందులో కూర్చునే పెద్దాయన రిటైరైపోయాక అది ఖాళీగా ఉంది. నేను రోజుకు నాలుగుసార్లయినా ఏదో ఒక కాగితం పట్టుకొని ఆ గదిలోకి వెళ్ళి, ఆ కుర్చీని ఒకసారి తిప్పి వచ్చేదాన్ని.

నా పనులన్నిటిలోకీ పెద్ద శిక్ష శనివారం ఫోన్లు. వచ్చే వారం ఎవరికి ఏ షిఫ్టో అరవై రెండు మందికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలి. అయిదు మాటల్లో అయిపోయే విషయమే. కానీ మావాళ్ళతో అయిదు మాటల్లో ఏదైనా అవుతుందా?

“సోమారం సంది నీకు పొద్దటి షిఫ్టు.”

“మంచిదక్కా. తిన్నవా?”

“తిన్న.”

“ఏం కూర?”

ఇక కూర దగ్గర మొదలైతే వాళ్ళ మరదలి సీమంతం దాకా పోయి, అక్కడినుంచి తిరిగి వచ్చేసరికి షిఫ్టు ఏదో ఇద్దరం మరిచిపోయేవాళ్ళం. అలా అరవై రెండు కూరలు. ఒకరోజు మా ప్లాంట్ మేనేజర్ మూర్తిగారు నా అవస్థ చూశారు. ఆయనది గోదావరి వైపు. చిన్నప్పుడే వాళ్ళ నాన్నగారి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడిపోయారు. మెత్తటి మనిషి, మాంసం ముట్టరు, అరవడం రాదు.

“స్వరూపా, ఈ ఫోన్లు చేసే పనేదో కంప్యూటరు చేత చేయించగలవా? చేసి చూపించావంటే ప్లానింగ్ సీటుకి నీ పేరే రాస్తాను. మూడు నెలలు టైమిస్తున్నాను. ఆపైన బయటినుంచి ఎవరినో తీసుకోవాల్సిందే మరి” అన్నారు.

నాకు కంప్యూటరంటే తెరిచి మూయడం వచ్చు. కానీ నీలం కుర్చీ నా కళ్ళముందు గిర్రున తిరిగింది. “చేస్త సార్” అనేశాను.

మా ఆయన మల్లేశ్ మా ఫ్యాక్టరీ బస్సే నడుపుతాడు. కిష్టారెడ్డిపేటలో మేము ఎక్కితే అమీన్‌పూర్ తిరిగి ఫ్యాక్టరీ చేరేసరికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో ఫోన్లో కోడింగ్ నేర్చుకుందామని ఒక యాప్ దించుకున్నాను. తీరా తెరిస్తే అది పిల్లల యాప్. వయసు అడిగింది. ఆరు నుంచి పద్నాలుగు దాకానే ఉన్నాయి అంకెలు. నా అసలు వయసు దాని దగ్గర లేదు. పోనీలే అని పది వేశాను. వెంటనే తెరమీదకు ఒక పచ్చ చిలక ఎగిరివచ్చి, “స్వాగతం చిన్నారి స్వరూపా!” అంది. మీరు నవ్వండి, ఫరవాలేదు. నన్ను చిన్నారి అని పిలిచి పాతికేళ్ళయింది. నాకు ఆ చిలక మీద అక్కడికక్కడే ప్రేమ పుట్టింది.

అందులో రాయడమంటూ ఏమీ ఉండదు. రంగురంగుల ముక్కలుంటాయి. ‘ముందుకు నడువు’ అని ఒక ముక్క, ‘మళ్ళీ చెయ్యి’ అని ఒక ముక్క. వాటిని వేలితో జరిపి ఒకదానికొకటి తగిలించాలి. ఏనుగు నడిచి వెళ్ళి అరటిపండు తింటుంది. తింటే చిలక “శభాష్!” అంటుంది. తినకపోయినా “భలే ప్రయత్నం!” అంటుంది. ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ శభాష్ అన్న పాపాన పోలేదు. ఈ చిలక నలభై నిమిషాల్లో పదిహేనుసార్లు అనేది.

నెలన్నరలో యాప్ మొత్తం పూర్తిచేశాను. ‘కోడింగ్ చిచ్చరపిడుగు’ అని ఒక పత్రం ఇచ్చింది. దాన్ని పటాన్‌చెరులో జిరాక్సు షాపులో రంగుల్లో అచ్చువేయించి, లామినేషన్ చేయించి, ఇంట్లో టీవీ పైన తగిలించాను. బస్సులో అందరికీ వినబడేలా ప్రకటించాను కూడా.

“ఇగ నాకు కోడింగ్ మొత్తం వచ్చేసింది.”

మల్లేశ్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. “ఏం కోడింగే అది? ఏనుగుకు అరటిపండు పెట్టుడేనా?”

“నీకేం దెల్సు? ఇయ్యాల ఏనుగు, రేపు ఫ్యాక్టరీ.”

ఆ మాట అన్నందుకు తరవాత ఏం జరిగిందో మీరే చూస్తారు.

ఆ యాప్‌లో చిట్టచివరి ఆట పేరు ‘అడవిలో విందు’. పన్నెండు జంతువులను భోజనానికి పిలవాలి. ఒకసారి పిలిస్తే ఏ జంతువూ రాదు. ఏనుగు తల అడ్డంగా ఊపుతుంది, కుందేలు సిగ్గుపడుతుంది. ‘సరే అనేదాకా మళ్ళీ మళ్ళీ పిలువు’ అనే ముక్క తగిలిస్తేనే అన్నీ వస్తాయి. అందరూ వచ్చాక చిలక డాన్సు చేస్తుంది. ఆట తయారుచేసినవాళ్ళెవరో గానీ మా ఇళ్ళ సంగతి వాళ్ళకు బాగా తెలుసనిపించింది. మా పద్ధతే అది కదా. ఒక్కసారి పిలిస్తే ఎవరైనా వస్తారా? వెలిమెలలో మా ఆడపడుచు కొత్త ఇంట్లో దిగినప్పుడు మా ఆయనకు ఒక్కసారే ఫోన్ చేసింది, పనుల హడావిడిలో మళ్ళీ చేయలేకపోయింది. సొంత చెల్లెలు, బస్సులో అరగంట. అయినా ఈయన కదిలితేనా?

“ఒక్కపారి పిలిస్తె ఉరుక్కుంట పోతరా? మనకు ఇజ్జత్ లేదా?” అని ఇంట్లో కూర్చొని చింతకాయ తొక్కుతో అన్నం తిన్నాడు. ఆమె తరవాత ఇంటికి వచ్చి, బొట్టుపెట్టి పిలిచి, ఏడ్చి, అప్పుడు గానీ అలక తీరలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇంతకీ అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. చిలక యాప్‌లో మావాళ్ళ పేర్లు వేద్దామని కూర్చున్నాను. పన్నెండు పేర్లు తీసుకుంది. పదమూడో పేరు వేయగానే చిలక తల గోక్కుని, “అయ్యో చిన్నారీ, అడవి నిండిపోయింది!” అంది. అరవై రెండు మందిని పన్నెండు జంతువుల్లో ఎలా సర్దను? పైగా ఆ యాప్‌లోంచి ఏ మెసేజీ బయటికి పోదు. అంతా దానిలోపలే. మూర్తిగారి దగ్గరికి వెళ్ళి నా గోడు చెప్పుకున్నాను.

ఆయన నా ఫోన్ తీసుకొని చిలకను చూసి, చాలాసేపు నవ్వాపుకున్నారు. “ఇది పిల్లలదమ్మా. ఇందులో నేర్చుకోవాల్సింది నువ్వు నేర్చేసుకున్నావు. ఇక అసలైనదాంట్లో రాయాలి” అని పెద్దవాళ్ళు వాడే వేరే వేదిక చూపించారు. కంపెనీ పేరుతో అందులో ఖాతా తెరిపించి, మెసేజీలు కంపెనీ పేరుమీదే వెళ్ళే ఏర్పాటు కూడా చేయించారు. ‘కంపెనీ పేరుమీదే’ అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి.

చిలకను వదలడం నాకు నిజంగా బాధయింది. చివరిరోజు బస్సులో అది “రేపు కలుద్దాం చిన్నారీ!” అంటే, పక్క సీటువాళ్ళు చూస్తున్నా దానికి చెయ్యి ఊపాను.

కొత్తదాంట్లో ఏముంది? నల్లటి తెర. మూలన మిణుకుమిణుకుమంటూ ఒక గీత. రంగుల ముక్కల్లేవు, ఏనుగు లేదు, పలకరించే దిక్కు లేదు. ప్రతి అక్షరం మనమే కొట్టాలి. ఎక్కడ ఒక చుక్క తప్పినా ‘నాలుగో లైనులో తప్పు’ అని ఎర్రగా చూపిస్తుంది. నాలుగో లైను దిద్దితే ‘తొమ్మిదో లైనులో తప్పు’. మొదటి వారం నేను స్టోరు గది కంప్యూటరు ముందు కూర్చొని ఆ తెరతో గట్టిగా పోట్లాడాను కూడా. “ఏం జేసిన్నే నేను? జెర మంచిగ చెప్పరాదా?” అంటుంటే స్టోరు గదిలోకి వచ్చినవాళ్ళు తలుపు దగ్గరికేసి వెళ్ళిపోయేవాళ్ళు.

అయినా పట్టు వదల్లేదు. భోజనం విరామంలో సగం, బస్సులో నలభై నిమిషాలు. మూడోవారం ఒకరోజు మీట నొక్కగానే అరవై రెండు పేర్లూ షిఫ్టులవారీగా విడిపోయి, బడిపిల్లల ప్రార్థనలా వరుసగా తెరమీద నిలబడ్డాయి. నేను చేతితో గంటన్నర చేసే పని రెప్పపాటులో అయిపోయింది. శభాష్ అనడానికి చిలక లేదు. నాకు నేనే “శభాష్ స్వరూపా” అనుకున్నాను, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ రోజు నా అంత ఆనందం మండలంలో ఎవరికీ లేదని పందెం కాస్తాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

మూర్తిగారు పెట్టిన గడువుకు చివరి శనివారం వచ్చింది. ఆ రోజు ఒంటిగంటకు నా ప్రోగ్రామ్ ఆయనకు చూపించాలి. ముందురోజు శుక్రవారం ఆయన నగరంలో పెద్దసారుతో మీటింగ్ ఉందని వెళ్ళారు. పెద్దసారు అంటే మా ఫ్యాక్టరీ యజమాని. ఈ ప్రాంతంలోనే పుట్టిపెరిగిన రైతు కుటుంబం, వాళ్ళ పొలంలోనే ఈ ఫ్యాక్టరీ కట్టారు. నేను స్టోరు గదిలో ఒంటరిగా కూర్చొని, మెసేజీలు పంపే భాగం రాస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. అప్పుడు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాకు బాగా వచ్చిన ‘అడవిలో విందు’ ఆటనే ఇందులో రాసి చూస్తే సరి కదా. అది ఆడిందంటే, తరవాత విందు తీసేసి షిఫ్టు పెట్టుకోవచ్చు.

రాశాను. ఏనుగుల, కుందేళ్ళ పేర్లు కొత్తగా కొట్టడం దేనికి, దండగ శ్రమ అని మావాళ్ళ లిస్టే తగిలించాను. లిస్టులో అందరికంటే పైన మూర్తిగారు, అందరికంటే కింద బస్సు డ్రైవర్ మల్లేశ్. పదిమందికీ ఫోన్ చేసేది నేనే కాబట్టి అందులో నా నంబరు లేదు. ఇక విందు పిలుపు రాయాలి. ఎలాగూ ఉత్తుత్తిదే కదా అని చేతికి ఎముక లేనట్టు రాశాను.

‘రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకు మన క్యాంటీన్‌లో దావత్. బగారన్నం, మటన్. ఇంటిల్లిపాదీ తప్పక రావలెను. వచ్చేవారు సరే అని పంపండి.’

కింద ఏనుగు ఆటలో ఉన్నట్టే రాశాను: ‘సరే’ అనేదాకా పది నిమిషాలకోసారి పిలుస్తూనే ఉండు.

చిలక యాప్‌లో రెండు మీటలుండేవి. ‘ఆడి చూడు’ అని ఒకటి, ‘పంపించు’ అని ఒకటి. ఇక్కడ ఒక్కటే ఉంది. ‘రన్’. పేర్లు విడదీసినప్పటిలాగే ముందు దీన్ని నొక్కితే తెరమీద ఆడి చూపిస్తుంది, రెండో మీట తరవాత వస్తుంది కాబోలు అనుకున్నాను. నొక్కాను. తెరమీద ఏమీ కదల్లేదు. ఏనుగు లేదు, డాన్సు లేదు. నల్లగా, నిమ్మకు నీరెత్తినట్టుంది. సరిగ్గా తగల్లేదేమో అని మళ్ళీ నొక్కాను. ఊహూఁ. ఈసారి గట్టిగా, వేలు నొప్పిపుట్టేలా నొక్కాను. ఏమీ లేదు.

‘పాడైంది. రేపు చూపించేది ఏమీ లేదు. నీలం కుర్చీ పోయింది’ అనుకున్నాను. విందు భాగం పక్కన పెట్టి, పేర్లను షిఫ్టులుగా విడదీసేదైనా చూపిద్దామని దాన్ని శుభ్రంగా సర్దుకొని, కంప్యూటరు మూసేసి బస్సెక్కాను. మనం కంప్యూటరు మూసినా అవతల కంపెనీ ఖాతాలో అది ఆగదని, మూడుసార్లు నొక్కితే మూడూ విడివిడిగా పనిచేస్తాయని నాకేం తెలుసు?

బస్సులో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. ఫోన్లు టింగుటింగుమంటున్నాయి. నా మనసు బాగోలేదు కాబట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పక్క సీటులోంచి ఎవరో, “అక్కా, రేపు ఉంటవ్ గద?” అన్నారు.

“ఉండక యాడికి పోత?” అన్నాను విసుగ్గా.

వెనకాల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. “ఓకే అని పెట్టిన, మల్లొచ్చింది. వస్తమని పెట్టిన, మల్లొచ్చింది.”

“అట్ల గాదు. సరే అని పెట్టాలె. అప్పుడు ఆగుతది. కంపెనీ ఎంత మర్యాదిస్తుందో సూడు, పది నిమిషాలకు మూడుపార్లు పిలుస్తుంది.”

ఫోన్ కంపెనీవాళ్ళ మెసేజీల గురించేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక మల్లేశ్ ముఖం ముడుచుకొని ఉన్నాడు. అడిగితే చెప్పడు. గోడవైపు తిరిగి, “ఇంట్ల మనిషివి, నోటితో చెప్పరాదా? అందరికి పెట్టినట్టే నాకు గూడ ఫోన్లనే పెడ్తవా?” అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థంకాలేదు. నాకు ఆ రోజు నా బాధే ఎక్కువగా ఉంది, తరచి అడగలేదు. ఆ అలకలోనే ఆయన తొమ్మిది పిలుపులు అందుకొని, పదో పిలుపుకి మెత్తబడి ‘సరే’ కొట్టి, వెలిమెలకు ఫోన్ చేసి వాళ్ళమ్మను, చెల్లెలి కుటుంబాన్ని మొత్తం దావత్‌కు పిలిచాడట. అది నాకు మర్నాడు గేటు దగ్గర తెలిసింది.

శనివారం పొద్దున ఎవ్వరూ టిఫిన్ డబ్బా తేలేదు. నేను గమనించలేదు. బీహారు నుంచి వచ్చి మా ప్యాకింగ్‌లో పనిచేసే సంజయ్, “మేడం, ఆజ్ మటన్ పక్కానా?” అని అడిగాడు. వేళాకోళమాడుతున్నాడని కసురుకున్నాను. ఇన్ని సూచనలు ఇచ్చినా అందుకోలేని మనిషికి ప్లానింగ్ సీటు కావాలట, చూడండి.

పన్నెండయ్యింది. గేటు నుంచి సెక్యూరిటీ ఫోన్ చేశాడు.

“మేడం, గేటు కాడికి జల్దీ రాండ్రి. మస్తు జనమొచ్చిన్రు.”

“ఏందంట? లొల్లి చేస్తున్నరా?”

“లొల్లి గాదు మేడం. ఎక్కడ కూసోవాలె అని అడుగుతున్నరు.”

పరుగెత్తుకొని వెళ్ళాను. నేను మొదట్లో చెప్పిన దృశ్యం అప్పుడు చూశాను. ఆటోలు, బండ్లు, పట్టుచీరలు, పౌడరు ముఖాలు. అందరికంటే ముందు మా అత్తమ్మ, చేతికర్రతో సహా. ఆమె పక్కన మా ఆడపడుచు చేతిలో మల్లెపూల పొట్లం.

“వదినా, మూడుమూడు పార్లు పిలుపొచ్చిందంటనే అన్నకు! ఏం మర్యాదనే మీ కంపెనీది!” అని నా తలలో పూలు పెట్టింది.

వెనకాల ఎవరో ఫోన్ నా ముందు పెట్టారు. నేను రాసిన పిలుపు, నా అక్షరాలు, కింద మా కంపెనీ పేరు. ఒకటి కాదు, వరుసగా ఇరవైఏడు. ఇంకో గంటలో మూర్తిగారు వస్తారు. కుర్చీ సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం ఉంటుందా?

క్యాంటీన్‌కు పరుగెత్తాను. మా క్యాంటీన్ యాదమ్మక్క నడుపుతుంది. ఆమె కంపెనీ మనిషి కాదు కాబట్టి ఆమెకు పిలుపు పోలేదు. తీరిగ్గా టమాట పప్పు తాలింపు వేస్తోంది.

“యాదమ్మక్కా, ఇయ్యాల దావత్ ఉంది.”

“యాడ?”

“ఈడనే. ఇప్పుడే. రెండు వందల మంది. బగారన్నం, మటన్.”

గరిటె గాలిలో ఆగిపోయింది. “ఎవ్వరు చెప్పిన్రు మటనని?”

“నేనే.”

“ఎవ్వరడిగితె చెప్పినవ్?”

“ఎవ్వరడగలే. ఏనుగులకని రాసిన, మనుషులకు పోయింది.”

యాదమ్మక్క నన్ను ఎగాదిగా చూసి, నా నుదుటిమీద చెయ్యిపెట్టి జ్వరముందేమో చూసింది. ఆ తరవాత కొంగు నడుముకు చుట్టింది. ఆమెలాంటి మనుషులుండబట్టే ఇలాంటి నేను ఇంకా బతికి ఉన్నాను.

“బియ్యం బస్తాలున్నయ్. బగార గంటల అయితది. మటన్ యాడికెల్లి తేవాలె? వచ్చే నెలకని మీల్ మేకర్ సంచి ఒకటి దింపిన. గదే నానేస్త. మసాల గట్టిగ దంచుదాం. నువ్వు నోరు మూసుకొని ఉల్లిగడ్డలు కొయ్యి.”

నేను ఒక్కదాన్నే కోయలేదు. మా ఆడపడుచు వచ్చింది, పట్టుచీర కట్టుకున్నామె ఒకరు వచ్చారు, తరవాత పదిమంది వచ్చారు. ఏమైందని ఎవరూ అడగలేదు. దావత్ ఇంట్లో పని కనబడితే మావాళ్ళు ఊరికే కూర్చోలేరు. సంజయ్‌వాళ్ళు ప్యాకింగ్ అట్టపెట్టెలు విప్పి షెడ్డు నిండా పరిచారు. పన్నెండున్నర కాస్తా ఒంటిగంట అయితే అయ్యింది గానీ, మొదటి బంతి కూర్చుంది. ఆవిరి కక్కుతున్న బగారన్నం, ఎర్రటి మసాలా పులుసు. నేను వడ్డిస్తూ పోతున్నాను, ఎవరి ముఖంలోకీ చూడటం లేదు. మా అత్తమ్మ దగ్గరికి వచ్చేసరికి ముక్కలు తక్కువ, పులుసు ఎక్కువ వేశాను. ఆమెకు పై పళ్ళు లేవు, కింద పళ్ళు రెండే. ముక్క నోట్లో వేసుకొని, కళ్ళు మూసుకొని, చాలాసేపు చప్పరించింది.

“మటన్ మస్తు ఉడికింది బిడ్డా. ఒక్క బొక్క గూడ తగులలే” అంది.

సోయా ముక్కల్లో ఎముకలెక్కడివి? ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సరిగ్గా అప్పుడే గేటులోకి మూర్తిగారి కారు వచ్చింది. దాని వెనకాల ఇంకో కారు. అందులోంచి పెద్దసారు దిగారు.

తింటున్నవాళ్ళు సగం లేచారు. నేను కూరబకెట్‌తో అలాగే నిలబడ్డాను.

మూర్తిగారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. “ఏంటమ్మా ఇది? నిన్న మీటింగ్‌లో పెద్దసారు ఎదురుగా నా ఫోను ఒకటే మోత. మటన్, మటన్ అని. ఆగాలంటే సరే అనమంది, అన్నాను. జన్మలో మటన్‌కి సరే అన్నది అదే మొదలు. పెద్దసారు పెట్టిస్తున్నారేమోనని నేను అడగలేదు.”

“మూర్తి పెట్టిస్తున్నడని నేను అడగలే” అన్నారు పెద్దసారు. ఇద్దరూ నావైపు తిరిగారు.

ఇక దాచడం దేనికి? చిలక నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఏనుగు, కుందేలు, పది నిమిషాలు, మూడుసార్లు నొక్కడం. “తప్పయింది సార్. ఉత్తగ ఆడి చూద్దామని నొక్కిన. అది నిజంగనే పంపింది. మటన్ గూడ మటన్ గాదు సార్, మీల్ మేకర్.”

చివరి మాట మెల్లగానే అన్నాను. అయినా షెడ్డు చివరిదాకా వినబడింది. మా అత్తమ్మ ఒక్కతే వినిపించుకోలేదు, రెండోసారి వడ్డించమని చెయ్యి ఊపుతోంది. మూర్తిగారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

“మీల్ మేకరా? అయితే నేనూ తినొచ్చు!” అని అక్కడే అట్టముక్క మీద కూర్చున్నారు.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. నావైపు ఒక అడుగు వేశారు. నేను కూరబకెట్ అడ్డం పెట్టుకున్నాను.

“గవన్ని పక్కకు పెట్టు బిడ్డా. నా ఫ్యాక్టరీల దావత్. నా పేరుమీద ఊరందరికి పిలుపు పోయింది. మల్ల నాకెందుకు పిలుపు రాలే? మూర్తి ఫోన్ల సూసి, పిలువని పేరంటానికి వచ్చినట్టు వచ్చిన.”

“సార్, మీ నంబరు షిఫ్టు లిస్టుల లేదు సార్.”

“ఎక్కియ్యి. షిఫ్టు మాత్రం వెయ్యకు” అని ఆయనా కూర్చున్నారు. షెడ్డు మొత్తం గొల్లుమంది.

తిన్నాక ఇద్దరూ స్టోరు గదికి వచ్చి ఆ నల్లటి తెర చూశారు. అరవై రెండు పేర్లు. ప్రతి పేరు పక్కన ‘సరే’. మూర్తిగారు వేలితో ఒక్కో ‘సరే’ లెక్కపెట్టారు.

“ఇన్నేళ్ళుగా ఏ నోటీసు పెట్టినా సగంమంది చదవలేదంటారు. అరవై రెండుకి అరవై రెండు ఎప్పుడైనా వచ్చాయా సార్?”

“మనిషిని మనిషిలెక్క పిలిచింది గద, గందుకే వచ్చిన్రు” అన్నారు పెద్దసారు. వెళ్తూ వెళ్తూ ఏటా ఒక శనివారం ఈ దావత్ ఉండాలని, ఈసారి నిజం మటన్ పెట్టాలని, మూర్తికి మీల్ మేకర్ వేరుగా వండాలని చెప్పి కారెక్కారు.

నీలం కుర్చీ ఆ సాయంత్రమే నాది అయ్యింది. అందులో కూర్చొని రెండుసార్లు గిర్రున తిరిగాను. మూడోసారి తిరుగుతుంటే మల్లేశ్ తలుపులోంచి, “ఇగ నన్ను నోటితో పిలుస్తవా, ఫోన్ల పిలుస్తవా?” అన్నాడు. నోటితోనే పిలిచాను. మూడుసార్లు.

కథ ఇక్కడితో సుఖంగా అయిపోయిందనుకుంటున్నారా? ఆ శనివారమే నా ప్రోగ్రామ్‌ను బుద్ధిమంతురాలిగా దిద్దాను. విందు తీసేశాను, మళ్ళీ మళ్ళీ పిలవడం తీసేశాను. ‘సోమవారం నుంచి మీకు పొద్దటి షిఫ్టు’ అన్నట్టు ఎవరి షిఫ్టు వాళ్ళకు, ఒక్కొక్కరికి ఒక్కటే మెసేజీ, అందంగా, పొందిగ్గా పంపాను. సోమవారం పొద్దున ఆరింటికి కుర్చీలో కూర్చొని చూద్దును కదా, మెషీన్ల దగ్గర పొద్దటి షిఫ్టువాళ్ళు సగంమంది లేరు. ఒకరికి ఫోన్ చేశాను.

“యాడున్నవ్? మెసేజీ రాలేదా?”

“వచ్చిందక్కా. ఒక్కటే వచ్చింది. ఇంక రెండు వస్తయేమోనని సూసిన, రాకపాయె. ఉత్తగనే పెట్టినవనుకున్న.” పైగా, “ఒక్కపారి పిలిస్తె ఎవ్వరన్న వస్తరా అక్కా?” అన్నాడు.

రాని ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను, కూరలతో సహా. కాకపోతే ఈసారి కూర్చొని చేశాను. ఆ మధ్యాహ్నమే ప్రోగ్రామ్‌లో ఒక లైను చేర్చాను. ఇప్పటికీ మా షిఫ్టు మెసేజీ మూడుసార్లు వెళ్తుంది.

అందుకని పటాన్‌చెరు పారిశ్రామికవాడ సాక్షిగా, నా నీలం కుర్చీ అయిదు చక్రాల మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఆడి చూసే మీట ఏదో, పంపే మీట ఏదో తేలేదాకా నేను ఏ మీటా నొక్కను. పొయ్యిమీద లేని కూర పేరు కీబోర్డుమీద కొట్టను. ఏనుగులకు రాసింది మనుషులకు పంపను. పంపను, పంపను, పంపను. మూడుసార్లు చెప్పాను కాబట్టి నమ్మి, మీరు ఒక్కసారి ‘సరే’ అనండి. లేకపోతే పది నిమిషాలాగి మళ్ళీ చెప్తాను.